పిచ్చుక ఆపిన చోటు

"అవన్నీ సరేనమ్మా. మా అమ్మాయి ఎక్కడ ఆపిందో అక్కడ గీత చూపించేది ఏది?"

టీవీల దుకాణంలోని అమ్మాయికి ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేసి ఉండరు. బొమ్మ ఎంత నిగనిగలాడుతుందో, మాట చెబితే వినే రిమోటు దేనికుందో, నెట్టు నత్తనడక నడిచినా ఆగకుండా ఆడేది ఏదో గడగడా అప్పజెప్పి అప్పుడే ఊపిరి తీసుకుంటోంది.

"అన్నీ చూపిస్తాయండీ. ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడినుంచే మొదలవుతుంది."

"అన్నీ అంటే నాకు నమ్మకం చాలదు. పాతది చూపించేది. బొమ్మ అడుగున, ఎర్రగా, సన్నగా."

వెనక నిలబడ్డ ఇస్త్రీ బాబాయి నవ్వాపుకోలేకపోయాడు. "ఆ ఎర్రగీత ఉన్నదే ఇవ్వు తల్లీ. మా అయ్యోమ్మ అందరిలా టీవీలో కథలు చూడదు, గీతలు చూస్తుంది."

అయ్యోమ్మ అన్నది ఆవిడ పేరు కాదు. ఇస్త్రీ బాబాయి పనిచేసే బట్టలుతికే దుకాణం వెనక గదిలో కూర్చుని ఊడిన బొత్తాలు కుట్టడం, చిరిగిన అంచులు అతకడం ఆవిడ పని. చంటిపిల్ల గౌనుకి బొత్తం లేకపోతే "అయ్యో, మింగేసిందేమో" అంటుంది. ఎవరి కోటైనా చెప్పిన రోజుకి తీసుకెళ్ళకపోతే "అయ్యో, మనిషి ఉన్నాడో లేడో" అంటుంది. ఆ కోటాయన మర్నాడు నిక్షేపంలా వచ్చి తీసుకెళ్ళినా ఆవిడ మాత్రం మారదు. నోట్లో బొత్తం పెట్టుకుని దారం తెంపుతున్నప్పుడే ఆవిడ నోరు మూతపడుతుందనీ, ఆ కాసేపే తన చెవులకు సెలవనీ ఇస్త్రీ బాబాయి అంటుంటాడు.

నవ్వేవాళ్ళు నవ్వుతారు. కన్నకూతురు మబ్బుల్లో వేలాడుతుంటే తెలుస్తుంది.

ఆవిడకున్నది ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు పిడికెడంతే ఉందని పిచ్చుక అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. మొగుడు పోయాక దాన్నే చూసుకుని బతికింది. ఆ పిచ్చుక చదివి చదివి కరెంటు పుట్టించే గాలిమరల కంపెనీలో చేరింది. అదీ బల్ల దగ్గర కూర్చునే కొలువు కాదు. నడుముకి పట్టీలు బిగించుకుని, ఆ తెల్లటి స్తంభం లోపల నిచ్చెనెక్కి, కొసకంటా పోయి మరలకి నూనె పెట్టాలి, సడలిన బోల్టులు బిగించాలి. మొదటిసారి ఫోటో పంపినప్పుడు తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. అందులో పిచ్చుక ఎక్కడుందో కనబడలేదు. స్తంభం మీద ఒక చుక్క ఉంది. అదే నేనంది కూతురు.

ఆ కొత్తలో తల్లి రోజూ ఫోన్ చేసేది. ఒకరోజు ఎత్తలేదని మళ్ళీ చేసి, మళ్ళీ చేసి, చివరికి వాళ్ళ ఆఫీసుకే చేసింది. "ఇంటినుంచి అర్జెంటు ఫోన్" అని పైనున్న పిల్లని కిందికి దింపారు. పిచ్చుక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగి, ఫోన్ తీసుకుంటే, తల్లి అడిగిందల్లా "తిన్నావా?" అని. తోటివాళ్ళు ఆ మాట పట్టుకుని నెల్లాళ్ళు ఆడుకున్నారట. "తిన్నావా?" అంటే చాలు, అందరూ నవ్వేవాళ్ళట.

"అమ్మా, ఇక ఆదివారం నేనే చేస్తా. మిగతా రోజులు నువ్వు చెయ్యొద్దు" అని పిచ్చుక గట్టిగా చెప్పేసింది. తర్వాత మెత్తబడి, "నాకేమైనా అయితే నీకు చెప్పడానికే భయమేస్తుందే అమ్మా. నువ్వు అయ్యో అంటే నా కాళ్ళూచేతులూ ఆడవు" అంది.

అప్పటినుంచి ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఆవిడ కాలుకాలిన పిల్లిలా తిరిగేది.

అలాంటి రోజుల్లో దొరికింది ఆ గీత. ఊరు వదిలే ముందు పిచ్చుక టీవీ వెనక వేలెడంత పుల్లలాంటిది గుచ్చి, సినిమాలూ సీరియళ్ళూ అందులో వస్తాయని చూపించింది. తెర తెరవగానే రెండు మొహాలు కనబడతాయి. ఒకటి అమ్మ, ఒకటి పిచ్చుక. ఒకసారి పొరపాటున పిచ్చుక మొహం మీద నొక్కింది. అక్కడ కూతురు సగం చూసి వదిలిన సీరియల్, దాని అడుగున ఎర్రగీత. మర్నాడు చూస్తే గీత జరిగింది. అంటే నిన్న పిచ్చుక స్తంభం దిగింది, గదికెళ్ళింది, కాళ్ళు చాపుకుని కథ చూసింది. ఏ ఫోనూ చెప్పనంత నిజం ఆ గీత చెప్పింది.

ఇక రోజూ అదే. పని నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా నొక్కేది. ఆ ముసలి పుల్ల కాసేపు గుండ్రంగా తిప్పి తిప్పి, ఆగిన బొమ్మనీ గీతనీ చూపించేది. బొమ్మ కదిలేలోపే ఆవిడ టీవీ కట్టేసేది. పుల్ల తిండి తినేది టీవీ కరెంటే కాబట్టి టీవీతో పాటే అదీ కళ్ళు మూసేది. కూతురి గీతని తల్లి ఏనాడూ వెంట్రుకవాసి కూడా జరపలేదు.

ఆ పుల్ల వేడెక్కి వేడెక్కి మొన్న చచ్చింది. ఆవిడకి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. పొద్దున ఒక చొక్కాకి కుడివైపు కుట్టాల్సిన బొత్తం ఎడమవైపు కుట్టింది. అది చూసి ఇస్త్రీ బాబాయే బయల్దేరదీశాడు.

"ఇదిగో, మళ్ళీ పుల్లే తీసుకోండి. మీకు అలవాటే కదా" అంది దుకాణం అమ్మాయి.

"వద్దమ్మా. అది టీవీ వెనక వేలాడుతూ కాలిపోతుంది. నేను పనికెళ్ళినప్పుడు అంటుకుంటే?"

"అయితే ఈ పెట్టె. దీనికి సొంత ప్లగ్గు ఉంటుంది, దీనికీ టీవీకీ సంబంధం లేదు. వేడెక్కదు."

"స్విచ్చి ఆపేసి పనికెళ్ళొచ్చా?"

"ఊరికే ఆపకండి, పాడవుతుంది. అది ఏదడిగినా రిమోటు మధ్యలో ఉన్న ఈ బటన్ నొక్కండి. అంతే."

కొంప కాలుతుందన్న భయం ఒకవైపు, పెట్టె పాడైతే గీత పోతుందన్న భయం ఒకవైపు. రెండో భయమే గెలిచింది. పెట్టె ఇంటికొచ్చింది. ఇస్త్రీ బాబాయి తీగలు కలిపాడు, పిచ్చుక అక్కడి నుంచే తన ఫోన్‌లో నొక్కి దాని తాళం తీసింది. రెండు మొహాలూ మళ్ళీ కనబడ్డాయి. ఆరో భాగం దగ్గర గీత ఆగి ఉంది. నీలం కోటు వేసుకున్న ఒకావిడ గుమ్మంలో నిలబడి గొడుగు మూస్తోంది. గీత సగానికి కొంచెం ఇవతల. తల్లి కళ్ళారా చూసుకుని టీవీ కట్టేసింది.

మర్నాడు గీత తొమ్మిదో భాగంలో ఉంది.

"ఓసి నీ దుంపతెగ, ఒక్కరోజులో ఎంత చూశావే!" అని ఆవిడ టీవీతోనే అంది. మనసు దూదిపింజె అయింది. ఆ మర్నాడు ఇంకో మూడు భాగాలు. ఆ మర్నాడూ అంతే. ఒక్కోసారి తెర తెరవగానే "ఇంకా చూస్తున్నారా?" అని పెట్టె మర్యాదగా అడిగేది. 'చూస్తున్నానమ్మా, చూడక ఏం చేస్తాను' అనుకుని మధ్య బటన్ నొక్కేది. గీత చూసేది. టీవీ కట్టేసేది.

ఆ వారం ఆవిడ పడుకుంటే పొద్దున పాలవాడు బెల్లు కొట్టేదాకా తెలివి రాలేదు. "ఏమ్మా, అయ్యోలు నిండుకున్నాయా? రెండ్రోజులుగా ఒక్కటీ వినబడలేదు" అన్నాడు ఇస్త్రీ బాబాయి. ఆదివారం పిచ్చుక రెండు ముక్కలే మాట్లాడింది. "బాగానే ఉన్నానమ్మా, అలసటగా ఉంది" అంది. అలసట ఉండదూ, అన్ని భాగాలు చూస్తుంటే! తల్లి లోలోపల నవ్వుకుంది గానీ పైకి అనలేదు. గీత సంగతి తెలిస్తే దాన్నీ వద్దంటుందని భయం.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆవిడ గీత చూసి, టీవీ కట్టేసి, వేన్నీళ్ళ తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతుంటే ఫోన్ మోగింది. పిచ్చుక. ఆదివారం కాదు. చేతిలో గిన్నె జారి తొట్టిలో పడింది.

"అమ్మా, అసలు నిద్రపోతున్నావా నువ్వు?"

"ఏమైందే? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. నా సీరియల్ మొత్తం ఆఖరుదాకా చూసి పారేశావ్! పగలంతా కుట్టుకుని, ఎప్పుడు చూశావమ్మా అంతా?"

"నేనెక్కడ చూశాను? నువ్వే కదా చూస్తున్నావ్."

"నేనా? నేను దాన్ని ముట్టుకుని వారం పైనయింది."

తల్లికి అర్థం కాలేదు. తడి చేత్తోనే వెళ్ళి టీవీ పెట్టింది. తెర మీద ఎవరో మనుషులు మాట్లాడుకుంటున్నారు, తలుపులు వేస్తున్నారు, తీస్తున్నారు. పిచ్చుక సీరియల్ అయిపోయి, ఇంకేదో కథ దానంతటదే మొదలై నడుస్తోంది. ఆ మాట కూతురికి చెప్పింది.

పిచ్చుక పకపకా నవ్వింది. "నువ్వు టీవీ ఒక్కటే కట్టేస్తున్నావే అమ్మా! పెట్టెకి సొంత ప్లగ్గు కదా. అది చీకట్లో కూర్చుని ఒక్కతే చూసుకుంటోంది."

తల్లి నవ్వలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అయితే ఆ తొమ్మిదో భాగం, పన్నెండో భాగం, ఆ కాళ్ళు చాపుకోవడం, అదంతా ఎవరు?

"పోనీలే" అంది పిచ్చుక. "నేనెక్కడ ఆపానో నాకే గుర్తులేదు. మళ్ళీ మొదటినుంచీ చూడాలి."

"ఆరో భాగం" అంది తల్లి. "నీలం కోటావిడ గుమ్మంలో గొడుగు మూస్తూ నిలబడుతుందే, అక్కడ. గీత సగానికి కొంచెం ఇవతల."



"నీకెలా తెలుసు?"

ఇక దాచి లాభం లేదు. "రోజూ చూస్తాను. కథ కాదు, గీతే. అది జరిగితే నువ్వు కిందికి దిగినట్టు." ఆవిడ గొంతు తగ్గింది. "ఈ వారమంతా జరుగుతూనే ఉందిగా. నా తల్లి బాగుందనుకున్నా. హాయిగా నిద్రపోయాను."

ఫోన్‌లో వినబడిందొకటే. దూరంగా ఏదో తిరుగుతున్న చప్పుడు, ఆగి, మళ్ళీ వచ్చి, ఆగి.

"అమ్మా" అంది పిచ్చుక. "నేను జారిపడ్డాను."

గొంతు దాకా వచ్చింది ఆ మాట. పెదవుల మీదికి కూడా వచ్చింది. బల్ల మీద కుట్టుడబ్బా తెరిచి ఉంది. ఆవిడ చటుక్కున ఒక బొత్తం తీసి పళ్ళమధ్య కరిచిపట్టుకుంది.

"పైనుంచి కాదులే. స్నానాలగదిలో. అంత ఎత్తెక్కి దిగేదాన్ని, నేల మీద జారాను చూడు." నవ్వబోయింది, నవ్వు సగంలో తెగింది. "చీలమండ బెణికింది. కట్టు కట్టారు. మంచం దిగొద్దన్నారు. గదిలో ఉండే పిల్ల సెలవు మీద వెళ్ళింది. పగలంతా ఒక్కదాన్నే పడుకుని ఆ రెక్కల చప్పుడు వింటూ ఉన్నా. కథ పెట్టుకుందామంటే ఒక్కదాన్నే చూడబుద్ధి కాలేదు. నీకు చేద్దామనుకున్నా చాలాసార్లు."

తల్లి పళ్ళు బిగించి ఉంది.

"అమ్మా, ఉన్నావా?"

"ఊఁ."

"అయ్యో అనలేదేంటి?"

"నోత్లో బొత్తం ఉంది."

పిచ్చుక నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో ఇద్దరికీ తెలియలేదు. "పెట్టెయ్యకమ్మా" అంది. తల్లి పెట్టెయ్యలేదు. పిల్ల చెప్పుకుంటూ పోయింది. కర్ర పట్టుకుని నీళ్ళ దాకా ఎలా వెళ్తోందో, కిటికీలోంచి ఏం కనబడుతుందో, రాత్రి వాపు ఎలా సలుపుతుందో. ఆవిడ ఊఁ కొడుతూ విన్నది. ఫోన్ పెట్టేసరికి తొట్టిలో నీళ్ళు చల్లారిపోయాయి.

తర్వాత రిమోటు తీసుకుని వెతికింది. వెనక్కి, ఇంకా వెనక్కి, ఆరో భాగం దాకా. నీలం కోటావిడ గుమ్మంలోకి వచ్చింది. గొడుగు మూయబోతుండగా బటన్ నొక్కి ఆపింది. గీత సగానికి కొంచెం ఇవతల. పిచ్చుక వదిలిన చోటే. దుకాణం అమ్మాయి వద్దన్నా సరే, గోడ దగ్గరికి వెళ్ళి పెట్టె ప్లగ్గు పీకేసింది.

తెర నల్లబడింది. అందులో కుర్చీ, బల్ల, మధ్యలో తను.

బొత్తం నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడంది, వినేవాళ్ళెవరూ లేని ఆ గదిలో, మెల్లగా.

"అయ్యో."