డబ్బా లేని ఆటకు ధర

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎలీసబెతు కొన్నాళ్లు ఇల్లు కదలకుండా కూర్చోవలసి వచ్చింది. మందమర్రి ఆస్పత్రిలో నర్సుగా ఉద్యోగమంతా నిలబడే గడిపిన మనిషి. కుర్చీలో కూర్చోబెడితే ఒంటిమీద తేళ్లు పాకినట్టు ఉండేది ఆమెకు. కరీంనగర్‌లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే కూతురు లిడియా ఆ అవస్థ చూడలేక, తన పాత గేమ్ మెషీన్ తెచ్చి టీవీకి తగిలించింది. దాంతోపాటు ఒక డిస్కు ఇచ్చింది. అందులో ఉన్నది వ్యవసాయం ఆట. పొలం దున్నాలి, విత్తనం వేయాలి, పంట కోసి అమ్ముకుని ట్రాక్టరు కొనుక్కోవాలి.

"గిది పిల్లలాట గదనే" అని మొదట పక్కన పెట్టిన ఎలీసబెతు, నెల తిరిగేసరికి టీవీలో పెద్ద ఆసామి అయిపోయింది. మొగుడు ఆశీర్వాదం బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. పుట్టి పెరిగింది మాత్రం భైంసా దగ్గరి పత్తిచేలల్లో. అందుకని పక్కన కూర్చుని సలహాలిచ్చేవాడు. "గా చెల్కల పత్తి వెయ్యకు, అది రేగడి గాదు" అనేవాడు. ఆటలో మట్టంతా ఒక్కటేనని ఆమె ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు.

అదే ఆట కొత్తది వస్తోందని ఆమెకు భవ్యశ్రీ చెప్పింది. భవ్యశ్రీ ఒకప్పుడు ఎలీసబెతు చేతికింద పని నేర్చుకున్న నర్సు, ఇప్పుడు ఉట్నూర్ ఆస్పత్రిలో ఉంది. ఆమెకూ ఈ పిచ్చి ఉంది. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి ఒక దుకాణం వాళ్లు పెట్టిన ప్రకటనను ఫోనులో పంపింది. కొత్త డిస్కు మూడు వేల మూడు వందలు.

ఆ వారంలోనే ఎలీసబెతు పుట్టినరోజు వచ్చింది. పొద్దున్నే లిడియా ఫోన్ చేసింది.

"అవ్వా, టీవీ పెట్టి చూడు. కొత్తాట కొన్న నీకు. బటన్ నొక్కితే నెట్టు మీద అదే దిగుతది."

"నెట్ల కొన్నవా? ఎంతైంది?"

"ఎంతైతే ఏంది?"

"చెప్పు బిడ్డా."

"నాలుగు వేల రెండొందలు."

ఎలీసబెతు లెక్క తీసింది: "దుకానంల మూడు వేల మూడొందలే. నీ దాంట్ల డబ్బా లేదు, డిస్కు లేదు, లారీ కిరాయి లేదు, కూసుండి అమ్మేటోడు లేడు. అగ్గువుండాలె గని పిరమెట్లుంటది?"

"నాకేం తెల్సవ్వా. వాళ్లు పెట్టిన రేటది."

"వాపస్ చెయ్యి."

అవతల లిడియా ఫోన్ పెట్టేసింది.

ఆశీర్వాదం చాయ్ తాగుతూ అంతా విన్నాడు. "పిల్ల ప్రేమతోటిస్తే బిల్లడుగుతవా?" అన్నాడు.

"ప్రేమ సంగతి నేనడగలే. రేటు సంగతడిగిన."

అలా అన్నదేగానీ ఆ రోజంతా ఆమె టీవీ ముందే కూర్చుంది. టీవీలో కొత్త ఆట బొమ్మ వెలుగుతూనే ఉంది. దించుకోవడానికి బటన్ నొక్కబుద్ధి కాలేదు. తల్లీకూతుళ్లు రోజూ మాట్లాడుకునేవాళ్లే. ఆ తర్వాత నుంచి "తిన్నవా", "తిన్న" దగ్గర మాట ఆగిపోతూ వచ్చింది.

మోకాలు చూపించుకునే తేదీ రావడంతో ఎలీసబెతు బస్సెక్కి కరీంనగర్ వెళ్లింది. లిడియా స్కూటీ వేసుకుని బస్టాండుకు వచ్చింది, ఆస్పత్రిలో పక్కనే కూర్చుంది, మందులు కొనిపెట్టింది. అన్నీ చేసింది గానీ ముఖంలో ముఖం పెట్టి చూడలేదు. బయటికి రాగానే తల్లే అడిగింది:

"టవర్ సర్కిల్ దాకా పోదామా? నాకు గా దుకానం చూడాలెనని ఉన్నది."

"ఒక్కపూటనే సెలవు పెట్టిన. రెండింటికి డ్యూటీల ఉండాలె."

"జల్దీ వద్దాం తియ్యి."

స్టీలు సామాన్ల కొట్టుకూ సెల్‌ఫోన్ల కొట్టుకూ మధ్య ఇరుకైన గది అది. డిస్కుల డబ్బాలు ఒక గోడకే ఉన్నాయి, ఎదురుగోడకు ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. షాపతను ఓంప్రకాశ్, నలభై దాటినవాడు. ఎలీసబెతు కర్ర చూసి లేచి తన స్టూలు ఇచ్చాడు. ఆమె కూర్చుని, కూతురికి వేసిన ప్రశ్నే అతనికీ వేసింది.

ఓంప్రకాశ్ ఆశ్చర్యపోలేదు. "గిదే లైన్ల మూడు దుకాన్లున్నయమ్మా. నేను నాలుగు వేలంటే మీరు పక్కకు పోతరు. గందుకే తగ్గిస్త. మీ టీవీలున్న దుకానం ఒక్కటే. దాని పక్క ఇంకోటి లేదు."

"అంటే లూటీనేనా?"

"గట్లనలేనమ్మా. పండుగలకు అదే దుకానం సగానికిస్తది. జర ఆగగల్గితే మీరు గప్పుడు గాడనే కొనుండ్రి. సగానికిచ్చుడు నాతోని గాదు. నాకే అంతకు రాదు."

తన బేరం తానే చెడగొట్టుకునే షావుకారిని ఎలీసబెతు అంతకుముందు చూడలేదు. లిడియా కూడా అప్పటిదాకా చూస్తున్న ఫోన్ దించింది.

"మరి మీ దగ్గర ఎవరు కొంటరన్నా?" అని అడిగింది.

"ఆడినంక మల్ల నాకే అమ్మేటోళ్లు. పాతది తెస్తే కొంత వాపసిస్త. ఊర్లల్ల నెట్టు సక్కగ రానోళ్లు. చేతుల పట్టుకుంటేనే కొన్నట్టు అనుకునేటోళ్లు. మా బాపు అసొంటోళ్లు." అతను చిన్నగా నవ్వాడు.

ఎలీసబెతు కొత్త ఆట డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. భవ్యశ్రీ గుర్తొచ్చింది. ఇది ఆడటం అయ్యాక ఉట్నూర్‌కు పంపొచ్చు. టీవీలోది పంపడానికి ఉండదు. అమ్మడానికీ, ఎవరికీ ఇవ్వడానికీ ఉండదు. అయినా ధర మాత్రం ఎక్కువ. ఆమె డబ్బా పట్టుకుని కూతురివైపు తిరిగింది.

"చూసినవా?"

"చూసిన" అన్నది లిడియా. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అవ్వా, నేను ల్యాబు నుంచి ఇడిసేసరికి గీ దుకానం బందైతది. గీడికి రావాలంటే సెలవు పెట్టాలె. పెడితే ఆ రోజు జీతం పోతది. కొన్నంక మందమర్రికి పంపియ్యాలె. నీ పుట్టినరోజు పొద్దుగాల నీ చేతికి అందాలెనని కొన్న. గా తొమ్మిదొందలు నాకు పిరమనిపియ్యలే."

ఎలీసబెతుకు తన పాత రోజులు గుర్తొచ్చాయి. తను పొద్దస్తమానం డ్యూటీలు చేసిన రోజుల్లో కూరగాయలు ఎప్పుడూ ఆస్పత్రి గేటు దగ్గరి బండి మీదే కొనేది. వారపు అంగడిలో సగానికి వస్తాయని అత్త సణిగేది. అంగడికి పోయే తీరిక ఎక్కడిదని అత్తను ఒక్కసారైనా అడగాలనుకుంది, అడగలేదు. ఇప్పుడు కాళ్లు చాపుకుని కూర్చున్నాక తీరికంతా తన దగ్గరే ఉంది. రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూసిందిగానీ, కూతురికి పోయే రోజును ఏ పక్కనా పెట్టలేదు.

"నాకది తోయలే బిడ్డా" అన్నది.

"ఇంక దింపలేదంటే పైసలు వాపస్ వస్తయి, అడిగి చూడుండ్రి" అని ఓంప్రకాశ్ చెప్పాడు. లిడియా ఫోన్లో వెతికి చూసింది. వాపస్ వస్తాయి, కానీ బ్యాంకుకు రావు. ఆ నెట్ దుకాణంలోనే ఆమె పేర ఉంటాయి, మళ్లీ అక్కడే ఖర్చు పెట్టాలి.

"చెయ్యమంటవా?" అని తల్లిని అడిగింది.

"వద్దు, ఉండనియ్." ఎలీసబెతు డబ్బా తిరిగి అరలో పెట్టింది. "రేటు మాత్రం తప్పే. నువ్వు కొన్నది తప్పు గాదు."

లిడియా తల పక్కకు తిప్పుకుంది. "మొన్న గీ మాటంటే ఏమైతుండె" అన్నది.

"మొన్న నాకు తెల్వదు గదనే."

లేస్తూ ఎలీసబెతు ఓంప్రకాశ్‌తో, "కొనక నీ టైమంత తీసుకున్నం నాయనా" అన్నది.

"వచ్చేటోళ్లే తక్కువైండ్రమ్మా. మాట్లాడినా మంచిదే."

ఆ సాయంత్రం ఇంటికి చేరగానే ఆమె బటన్ నొక్కింది. కాలనీలో నెట్టు నడిచే తీరుకు ఆట పూర్తిగా దిగేసరికి ఆదివారం ఆరాధన కూడా అయిపోయింది. కొత్త ఆటలో వరి ఉంది. ఆశీర్వాదం నాట్లు చూసి వంక పెట్టడానికి ఏమీ దొరక్క ఊరుకున్నాడు.

కొన్నాళ్లకు భవ్యశ్రీ ఫోన్ చేసి, "మీదైపోతే నాకు పంపుతరా అక్కా?" అని అడిగింది. అది పంపే వస్తువు కాదని చెప్పడానికి ఎలీసబెతుకు మనసొప్పలేదు. చెప్పక తప్పలేదు. బదులుగా ఓంప్రకాశ్ నంబరిచ్చింది. ఎవరో ఆడి తిరిగిచ్చిన డిస్కు భవ్యశ్రీకి పద్దెనిమిది వందలకు దొరికింది. ఆమె ఆ సంగతి ఫోన్లో చెబుతుంటే ఎలీసబెతు నవ్వింది గానీ, లోపల చిన్న ముల్లు గుచ్చుకున్నట్టే అనిపించింది.

క్రిస్మస్‌కు లిడియా ఇంటికొచ్చింది. టీవీ పెట్టగానే నెట్ దుకాణంలో ఎర్రక్షరాలతో ధర కనబడింది. ఓంప్రకాశ్ చెప్పినట్టే సరిగ్గా సగానికి దిగింది.

"అవ్వా, సగమైంది" అన్నది లిడియా మెల్లగా.

"నాలుగు దినాల కిందనే చూసిన."

"నాకు చెప్పనే లేదు."

"చెప్తే నీకు బాధైతదని చెప్పలే." ఎలీసబెతు కళ్లద్దాలు సర్దుకుంది. "ఐతే ఐంది తియ్యి. గిన్ని దినాలు ఉత్తగ కూసోనియ్యకుండ ఆడించింది నన్ను. నువ్వు జరుగు, వడ్లు కోతకొచ్చినయి."

లిడియా జరిగి, తల్లి పక్కనే మంచమ్మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది.