లోతుల ఆఫీసు పండుగప్ప

ఆనకట్టకు ఎగువన, గోదారి గట్టు మీద ఒక రేకుల షెడ్డులో ఆఫీసు ఉండేది. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరు ఉండేది గాని, చుట్టుపక్కల వాళ్ళు దాన్ని లోతుల ఆఫీసు అనేవారు. ఆనకట్ట వెనక సముద్రంలా నిలిచిన నీటి అడుగున ఏటా ఎంత ఇసక మేట వేస్తోందో కొలిచి పుస్తకంలో రాయడం వాళ్ళ పని. ఆ కొలత వేసవిలోనే కుదురుతుంది. పంట కాలువలు కట్టేశాక, నీరు కదలకుండా ఉన్నప్పుడు, బుద్ధున్నవాడెవడూ గుమ్మం దాటని ఎండలో కొలవాలి.

కొలిచేవాడు బంగార్రాజు. పడవ అంచున నిలబడి రంగు గుర్తుల గడను నీళ్ళలోకి దింపడం, అడుగు తగలగానే అంకె అరవడం, గడ లాగడం, పడవను పది బారలు జరపడం, మళ్ళీ దింపడం. గొడుగు కింద కూర్చుని ఆ అంకె రాసుకునేది సూపర్‌వైజరు మల్లేశ్వరరావు గారు. ఇలా పదకొండేళ్ళు గడిచాయి. పదకొండేళ్ళలో బంగార్రాజు ఆ నీటిలో గడ దింపని చోటు లేదు, అతని ఒంట్లో నొప్పి లేని కీలు లేదు.

ఇంతా చేసి అతను మస్టరు కూలీ. పొద్దున్నే షెడ్డు ముందు పేరు పిలిచినప్పుడు "ఉన్నానండి" అంటే ఆ రోజు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. జ్వరమొచ్చినా, చుట్టం పోయినా, పిలుపు దగ్గర నిలబడకపోతే ఆ రోజు గోదాట్లో కలిసినట్టే. పర్మినెంటు అయినవాడికి లీవుంటుందట. ఇంట్లో పడుకుని ఉన్నా జీతం వస్తుందట. బంగార్రాజు మేడలు కోరలేదు, మిద్దెలు కోరలేదు. ఒక్క రోజు, జీతం పోకుండా, ఎండ నడినెత్తికి వచ్చేదాకా పడుకోవాలి. ఆ కోరిక అతనికి దాహంలాంటిది.

పర్మినెంటు చేయగలిగినవారు పెద్ద ఇంజినీరు నాగేశ్వరప్రసాద్ గారు. ఏటా మే నెలాఖరులో మస్టరు కూలీల జాబితా ఆయన బల్ల మీదికి వెళుతుంది. ఏటా బంగార్రాజు పేరు అందులో ఉంటుంది. ఏటా ఆర్డరు రాదు. ఎందుకు రాదో ఎవరూ చెప్పరు. అందుకని బంగార్రాజు తనకు చేతనైన దారి పట్టాడు.

నాగేశ్వరప్రసాద్ గారికి పండుగప్ప అంటే ప్రాణం. సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కి వచ్చి, ఆనకట్ట ఎగువ గుంటల్లో బలిసే చేప అది. వలకు ఒక పట్టాన చిక్కదు. గేలానికి బతికున్న రొయ్యని గుచ్చి, అది ఏ గుంటలో, ఏ వేళకి నోరు తెరుస్తుందో తెలిసి వేయాలి. ఏ గుంట ఎంత లోతో బంగార్రాజు కంటే తెలిసినవాడెవడు? సర్కారు వారి గడే అతనికి గురువు. ప్రతి వేసవిలో నాలుగో అయిదో పండుగప్పలు పెద్ద ఇంజినీరు గారి ఇంటికి వెళ్ళేవి. ఒక్క ముక్క కూడా బంగార్రాజు ఇంట ఉడకలేదు.

"ఎప్పుడూ ఆళ్ళింటికేనా మావా? ఓసారి తల ముక్కయినా తెచ్చి పెట్టవూ?" అనేది అతని భార్య సంపూర్ణమ్మ.

"ఆర్డరు రానియ్యి. చేపంతా నీకే," అనేవాడు బంగార్రాజు.

ఆ ఏడు, అంటే డెబ్భై తొమ్మిది మేలో, జాబితా వెళ్ళే వారం శుక్రవారం నాడు సాయంత్రం అతని గేలానికి పడింది అలాంటిలాంటి చేప కాదు. తాడు చేతుల్లో కోసుకుపోయింది. చీకటి పడుతుండగా పడవ పక్కకి వచ్చింది, తొమ్మిది కిలోలకి తక్కువ లేదు, కళ్ళు నిప్పుల్లా మెరుస్తున్నాయి. మొప్ప అంచు తగిలి అతని బొటనవేలు చీరుకుపోయింది. ఆ సంతోషంలో నెత్తురు చూసుకోలేదు. తీరా మల్లేశ్వరరావు గారింటికి వెళ్ళి చెబితే, ఆయన తల పట్టుకున్నారు.

"ఇప్పుడా పట్టేది? రేపు శనివారం కదయ్యా. ఆయన శనివారం నీచు ముట్టరు, ఇంట్లోకి కూడా రానివ్వరు. ఎల్లుండి మధ్యాహ్నం ఇక్కడికే వస్తారు, జాబితా చూడ్డానికి. అప్పుడివ్వు."

"ఎల్లుండి దాకా ఉంటదాండీ? ఈ ఎండకి రేప్పొద్దుటికే వాసనేసేత్తది."

"చంపకుండా ఉంచు మరి," అని ఆయన తలుపు వేసుకున్నారు.

చంపకుండా ఉంచాడు. చేప కింది దవడలోంచి నూలు తాడు దూర్చి, పడవకు కట్టాడు. గట్టు దగ్గర నీళ్ళు వేడెక్కితే చేప తేలిపోతుంది. లోతుకు తీసుకెళితే తాబేళ్ళు కొరుకుతాయి. ఆ రాత్రి పడవలోనే కూర్చుని, తాడు కాలి వేలికి చుట్టుకుని, కుదుపు ఆగినప్పుడల్లా ఉలిక్కిపడి లాగి చూసుకుంటూ గడిపాడు. శనివారం పొద్దున్నే మస్టరు పిలిచారు, వెళ్ళి "ఉన్నానండి" అన్నాడు. పని మానడానికి లేదు కదా. గడ దింపుతూ, అంకె అరుస్తూ రోజంతా పడవ నడిపాడు, వెనక తాడు చివర చేప ఈదుతూ వచ్చింది. లాగినప్పుడు వచ్చేది, ఆపినప్పుడు ఆగేది. మధ్యాహ్నానికి అది ఎగరడం మానేసింది. బంగార్రాజుకు అరిచే అంకెలు తడబడుతున్నాయి.

"ఒకటి పాయింటు ఎనిమిదా, రెండు పాయింటు ఎనిమిదా? సరిగ్గా చెప్పవయ్యా," అన్నారు మల్లేశ్వరరావు గారు గొడుగు కింద నుంచి. మొగల్తూరు మనిషాయన, సముద్రపొడ్డున పుట్టి పెరిగారు, చేప సంగతి తెలిసినవారు. తాడు వైపు ఒకసారి చూసి, "కాస్త నీడకి పోనియ్యి, దానికి ఎండ దెబ్బ కొడుతుంది," అన్నారు. బంగార్రాజుకు కొడుతుందేమోనన్న అనుమానం ఆయనకు రాలేదు.

సంపూర్ణమ్మ సాయంత్రం గంజి పట్టుకొచ్చింది. మొగుడి కళ్ళు చూసి, "నువ్వు తొంగో మావా, తాడు నేను పట్టుకుంటా," అంది. అతను ఇవ్వలేదు. ఇంకొక్క రాత్రి. ఆ తర్వాత జన్మంతా పడుకోవచ్చు అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం జీపు వచ్చింది. బంగార్రాజు చేపను రెండు చేతులా ఎత్తి షెడ్డు ముందు పెట్టాడు. అది ఇంకా మొప్పలు ఎగరేస్తోంది. నాగేశ్వరప్రసాద్ గారు "ఓహో!" అని గట్టిగా నవ్వి, చుట్టూ తిరిగి చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు. బంగార్రాజు భుజం కూడా తట్టారు. తర్వాత లోపల బల్ల దగ్గర కూర్చుని, మల్లేశ్వరరావు గారు చూపించిన జాబితా మీద వేలు పెట్టారు. బంగార్రాజు గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. అతనికి వినబడకూడదని ఎవరూ గొంతు తగ్గించలేదు. అది మెచ్చుకోలే కదా మరి.

"బంగార్రాజా? భలేవారండీ మీరు. పర్మినెంటు చేస్తే మన సెక్షన్లో పోస్టు లేదు, ఏ తణుకు కాలవకో వేసేస్తారు. ఇక్కడ మనకి పండుగప్ప ఎవడు పట్టి పెడతాడు? ఉండనివ్వండి, ప్రతి ఏడూ ఇదే చెబుతున్నాను," అంటూ ఆయన ఎర్ర సిరాతో గీత గీశారు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. పదకొండేళ్ళుగా పర్మినెంటు కోసం అతను పట్టిన ఒక్కొక్క చేపా ఒక్కొక్క ఏడు అతని పేరు కొట్టేస్తూ వచ్చింది. కోపం రావాలి. కాని కోపం రావడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి, రెండు రాత్రుల నిద్ర లేని మనిషికి అదెక్కడిది? గట్టు దిగి పడవలో పడుకుంటే కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. అతను తుడుచుకోలేదు. తెల్లారితే మస్టరు.

ఆ ఏడు వరదలు తగ్గాక, పాత ఆనకట్ట పక్కన కడుతున్న కొత్త బ్యారేజీ పనివాళ్ళు ఒక పాయ మీద గేట్లు దించారు. ఆ గేట్లను చూస్తుంటే బంగార్రాజుకు ఒక ఆలోచన తట్టింది. పన్నెండో వేసవి వచ్చింది, కాలువలు కట్టేశారు, పెద్ద ఇంజినీరు గారి నుంచి చేప కోసం కబురొచ్చింది. బంగార్రాజు రోజూ సాయంత్రం గేలం వేసుకుని కూర్చున్నాడు, అందరూ చూసేలాగే కూర్చున్నాడు. కొక్కేనికి రొయ్య మాత్రం గుచ్చలేదు. పదిహేను రోజులు వట్టి చేతులతో వచ్చాడు.

"ఏంటయ్యా ఇది?" అన్నారు మల్లేశ్వరరావు గారు.

"గేట్లు దించేక ఎక్కడం లేదండి బాబూ. కిందే ఆగిపోతన్నాయి. జాతే అయిపోయిందండి ఇక్కడ."

ఆ మాట పెద్ద ఇంజినీరు గారి దాకా వెళ్ళింది. ఆయన కాసేపు బాధపడి, ఆ తర్వాత తల పంకించి, అలా జరిగే అవకాశం ఉందని ఇంగ్లీషులో పది నిమిషాలు వివరించారట. తాము కట్టిన గేటు వల్ల సముద్రపు చేప ఆగిపోయిందంటే ఇంజినీర్లకు లోలోపల కాస్త గొప్పగానే ఉంటుంది.

బంగార్రాజు ఇంట్లో కూడా అదే చెప్పాడు. సంపూర్ణమ్మ కుళాయి దగ్గర నిలబడితే నోట్లో నువ్వుగింజ నానదు, ఆఫీసు గుమాస్తా భార్యా అక్కడికే వస్తుంది. "అయ్యో, అయితే ఇంక నేను తినకుండానే పోతానన్నమాట," అంది సంపూర్ణమ్మ నవ్వుతూనే. బంగార్రాజు గేలం చూరులో దోపాడు. ఆమెకైనా నిజం చెప్పలేదు.

అబద్ధం చెప్పడం ఒక ఎత్తయితే, దాన్ని కాపలా కాయడం ఇంకో ఎత్తు. చేతిలో గడ, కింద ఏ గుంటలో ఏ చేప ఉందో తెలుసు. పొద్దువాలే వేళ అవి రొయ్యల వెంట పడి నీటి మీద టప్పుమని కొడుతుంటే అతని చేతులు వాటంతటవే కదిలేవి. ప్రపంచంలో తను బాగా చేయగలిగిన పని అదొక్కటే. ఆ చేపే లేదని తనే అంటున్నాడు. గడ మోసి అలిసిన దానికంటే, ఊరికే కూర్చుని ఎక్కువ అలిసిపోయాడు.

జాబితా రోజుకు ముందు సాయంత్రం నాగేశ్వరప్రసాద్ గారు కొలతలు స్వయంగా చూస్తానని పడవెక్కారు. మల్లేశ్వరరావు గారు పక్కన పుస్తకంతో కూర్చున్నారు. గాలి లేదు, నీరు అద్దంలా ఉంది. బంగార్రాజు కావాలనే గుంటలకు దూరంగా నడుపుతున్నాడు. కాని చేపకు ఆ సంగతి ఎవరు చెప్పారు? పడవకు నాలుగు బారల దూరంలో నీరు బద్దలైంది. కర్రతో కొట్టినట్టు టప్పుమన్న చప్పుడు, వెండిలాంటి వీపు ఒకటి పైకి లేచి మునిగింది.

"ఏంటది?" అన్నారు పెద్ద ఇంజినీరు గారు లేచి నిలబడబోతూ.

బంగార్రాజు గడను గట్టిగా నీళ్ళలోకి పొడిచాడు. "వాలుగండి," అన్నాడు.

"వాలుగా? అంత తెల్లగా ఉంటుందా?"

"ఎండ పడిందండి. ఇక్కడి వాలుగ తినలేమండి సార్, శవాలు పీక్కు తింటది."

ఆయన తిరిగి మల్లేశ్వరరావు గారి వైపు చూశారు. బంగార్రాజూ చూశాడు. మొగల్తూరు మనిషికి పండుగప్ప కొట్టిన చప్పుడు తెలియకపోవడం ఉండదు. మల్లేశ్వరరావు గారు పుస్తకం మూశారు. పోయినేడాది శనివారం ఆ పడవ వెనక ఈదిన చేప, తడబడిన అంకెలు ఆయనకు గుర్తొచ్చాయో ఏమో. ఆయనకూ ఏటా ఆ పండుగప్పల్లో నాలుగు ముక్కలు అందేవి.

"వాలుగే సార్," అన్నారు. "ఈ మధ్య మరీ ఎక్కువైపోయాయి."

మర్నాడు బంగార్రాజు పేరు మీద గీత పడలేదు. పది రోజులకు ఆర్డరు వచ్చింది. అనుకున్నట్టే తణుకు వేశారు, మోకాటి లోతు కాలవ మీద. కొత్త చోట చేరడానికి వారం గడువుందని గుమాస్తా చెప్పాడు.

"ఈ వారం నేనేం చెయ్యాలండి?" అని అడిగాడు బంగార్రాజు.

"ఏం చెయ్యక్కర్లేదు. ఇంట్లో పడుకో. జీతం వస్తుంది."

ఆ రాత్రి అతను పెందలాడే పడుకున్నాడు. అలవాటు చొప్పున నాలుగింటికే మెలకువ వచ్చింది. లేచి చొక్కా కోసం చెయ్యి చాచాడు.

"ఇయ్యాల పిలుపు లేదు కదా, తొంగో," అంది సంపూర్ణమ్మ.

పడుకున్నాడు. పన్నెండేళ్ళు కోరుకున్న నిద్ర రాలేదు. కళ్ళు తెరుచుకుని ఇంటి కప్పు చూస్తూ ఉండిపోయాడు. తెలతెలవారుతుండగా గట్టు అవతల నీటి మీద టప్పుమంది.

"అదేంటి మావా, చేపా?" అంది సంపూర్ణమ్మ.

"వాలుగ," అన్నాడు వెంటనే. అనేశాక సిగ్గేసింది. ఆర్డరు వచ్చేసింది, వింటున్నది కట్టుకున్న మనిషి, అయినా నాలుకకు ఆ మాటే వచ్చింది. ఆమె వైపు తిరిగి, "కాదు సంపూర్ణా. పండుగప్పే. ఉన్నాయి. ఎప్పుడూ ఉన్నాయి," అన్నాడు.

ఆమె లేచి కూర్చుంది. "నాకు కూడా చెప్పలేదేం?" అంది. గొంతులో కోపం లేదు, అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

బంగార్రాజు లేచి చూరులోంచి గేలం తీశాడు. ఏడాదిగా ఎర ఎరగని కొక్కెం తుప్పు పట్టి ఉంది. గుమ్మంలో కూర్చుని, రాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, దాన్ని నూరడం మొదలుపెట్టాడు. అవతల షెడ్డు ముందు మస్టరు పిలుస్తున్నారు. అతను తల ఎత్తలేదు. సంపూర్ణమ్మ వచ్చి పక్కన కూర్చుని, రొయ్యలకి బుట్ట ఎక్కడుందని అడిగింది.