ఏటి అవతలి ఇంటిపేరు

మా వైపు ఇంటిపేర్లు చాలావరకు నేలలోంచి మొలిచినవే. ఆరువందల ఏళ్ల కిందట ఆడం అనే మొండివాడొకడు యార్క్‌షైర్ కొండవాలున ఫెర్న్ పొదలు నరికి, రాళ్లు ఏరి పారేసి, ఇంత చెలక చేసుకున్నాడు. పొదను బ్రాకెన్ అంటాం, నరికి చదును చేసిన నేలను రాయిడ్ అంటాం. చెలక పేరు బ్రాకెన్‌రాయిడ్ అయింది. మొదట్లో వాడు 'బ్రాకెన్‌రాయిడ్‌లో ఉండే ఆడం'. మనవల కాలానికి మధ్యలో మాటలు అరిగిపోయి, నేల పేరే మనిషికి అతుక్కుపోయింది. ఒకప్పుడు చర్చి రిజిస్టరులో ఆ పేరు లేని పేజీ ఉండేది కాదు. 1869 వసంతానికి ఆ పేరుతో మిగిలింది ఒక్కతే, మిస్ టాబితా. యాభై నాలుగేళ్లు, పెళ్లి లేదు, ఊపిరి తీస్తే పిల్లికూతలు. వచ్చే చలికాలం గట్టెక్కడం కష్టమని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

చావంటే ఆమెకు భయం లేదు. ఆ పేరు ఎవరికి చెందాలో ఆమెకు తెలుసు. వాడికి ఇవ్వకుండా పోతానేమోనన్నదే ఆమె బెంగ.

వంటింటి బల్ల మీద లాయరు రాసిచ్చిన వీలునామా పెట్టుకుని రూబెన్ బ్రిగ్ కోసం కబురు పంపింది. రూబెన్ ఆ చుట్టుపక్కల రాతిగోడలు పేర్చే పనివాడు. సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి నిలబెడతాడు. ముప్ఫై ఏళ్లవాడు, భార్య మార్తా, ఇద్దరు ఆడపిల్లలు. ఏటా వసంతం రాగానే మిస్ టాబితా పొలంలో ఏదో ఒక గోడ కూలేది. ఆవిడే నాలుగు రాళ్లు లాగి పడేస్తుందేమోనని పాలేరు జోషువాకు అనుమానం. అనుమానమేమిటి, నిజమే.

"బూట్లనిండా బురదండీ అమ్మగారూ," అంటూ గుమ్మంలోనే ఆగాడు రూబెన్.

"నేలున్నది కడగడానికే. రా, కూర్చుని ఆ ఓట్ల రొట్టె తిను."

"మళ్లీ గోడ పడిందా?"

"పడలేదు."

"వింతే! మీ గోడలంత నాసిగోడలు ఈ జిల్లాలో లేవు. పేర్చింది నేనని చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది."

ఆమె నవ్వబోయింది, దగ్గు వచ్చింది. వాడు తినడాన్ని చూస్తూ కూర్చుంది.

వాడు ఆమె కొడుకు. ఆ సంగతి ఆమెకూ దేవుడికీ తప్ప మరొకరికి తెలియదు. తండ్రెవరంటారా? ఉన్ని బేరానికొచ్చాడు, బేరం ముగియగానే పోయాడు, వాడి ఊసు మనకెందుకు! కడుపు కనబడకుండా ఆ చలికాలమంతా లంగా మీద లంగా, పైన గోనె ఏప్రన్ కట్టుకుని నెట్టుకొచ్చింది. గొర్రెల కొట్టంలో ఒక్కతే కన్నది. పెంచుకునే దారి లేదు. పేరిచ్చే దారి మాత్రం ఒకటి కనబడింది. మా వైపు దిక్కులేని పసిబిడ్డ దొరికితే, పాదిరీ, ఊరిపెద్దలూ కలిసి దొరికిన చోటి పేరునే ఇంటిపేరుగా రాసేస్తారు. అంతకు మూడేళ్ల ముందు లంబ్ దొడ్డి దగ్గర దొరికిన పిల్ల అలాగే లంబ్ అయింది. అందుకని తెల్లవారుతుండగా బిడ్డను తమ పొలం గేటు పక్కనే పడుకోబెట్టింది. దొరికిన చోటు బ్రాకెన్‌రాయిడ్, కాబట్టి పేరూ అదే అవుతుంది. ఎవరూ ఏమీ అడగరు, వాడి పేరు వాడికి దక్కుతుంది. అలా అనుకుని పాలగది కిటికీ దగ్గర నిలబడింది.

గేటు దగ్గరికి మొదట వచ్చింది ఆమె తండ్రే. బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన అటూ ఇటూ చూశాడు, బిడ్డను కోటులో దాచాడు, గబగబా వాలు దిగి వంతెన దాటి ఏటి అవతల పడుకోబెట్టి వచ్చేశాడు. మరి ఇవతల దొరికిన అనాథను ఇవతలి ఊరే సాకాలి, అవతల దొరికితే అవతలి ఊరు. ఆ ఏడు మా ఊళ్లో బీదలను సాకే పన్ను చూసే పెద్ద ఆయనే. "మన నెత్తిన పడాల్సిన శనిని వాళ్ల నెత్తిన వేసొచ్చా," అని గంజి తాగుతూ నవ్వాడు. ఎవరో తెలియక, సొంత మనవణ్ణి! టాబితా గిన్నెలు కడుగుతూ నోరెత్తలేదు. ఎత్తితే ఇద్దరూ వీధిన పడేవాళ్లు. అవతలి ఊరివాళ్లు బిడ్డకు వంతెన పేరు పెట్టారు. మా యాసలో వంతెనను బ్రిగ్ అంటాం.

"చదవడం వచ్చుగా?" అంటూ ఆమె కాగితం ముందుకు జరిపింది.

"ఆదివారం బడి చదువండీ. నెమ్మదిగా వస్తుంది."

వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు. ఇల్లు, అరవై ఎకరాలు, గొర్రెలు, చర్చిలో ఆ పొలంవాళ్లు కూర్చునే బెంచీ, అన్నీ రూబెన్ బ్రిగ్‌కే. ఒకటే షరతు. వాడూ వాడి పిల్లలూ ఇక మీదట బ్రాకెన్‌రాయిడ్ అన్న ఇంటిపేరుతోనే బతకాలి. వారసులు లేని భూమిగల ఇళ్లలో ఈ షరతు మామూలే. రాసేటప్పుడు లాయరు ఎందుకని కూడా అడగలేదు.

రూబెన్ కాగితం కింద పెట్టాడు.

"నాకెందుకండీ ఇవన్నీ?"

"ఈ నేల మీద ప్రతి రాయీ నీ చేతికి తెలుసు. ఇంకెవరికివ్వను?"

వాడు తన చేతులు చూసుకున్నాడు. "వద్దన్నానని మార్తాకి తెలిస్తే నన్ను చంపేస్తుంది. పొలం వద్దనేంత మొనగాణ్ణి కాదు. కానీ పేరు మార్చుకోలేనండీ."

"ఏం, మా పేరుకేం తక్కువ? ఆరువందల ఏళ్ల పేరు!"

"మీ పేరుకేం, బంగారంలాంటిది. నా పేరు వయసు ముప్ఫై ఏళ్లే. కాకపోతే మా అమ్మ నాకిచ్చింది అదొక్కటే."

"అమ్మ ఇవ్వడమేంటి? అది ఊరిపెద్దలు రాసింది!"

"రాసింది వాళ్లే. చోటు చూసింది ఆవిడ. వంతెన అవతల గోడ కాస్త లోపలికి వంగుతుంది చూడండి, అక్కడ గాలి కొట్టదు, వాన పడదు. నాలుగడుగులే పొడి నేల. గోడల పనివాణ్ణి, నాకు తెలుసు. వెతికి వెతికి పెట్టిందండీ నన్ను. ఏటా నేను దొరికిన రోజు, మార్చి తొమ్మిదిన పొద్దున్నే వెళ్లి అక్కడ నిలబడతా. ఆవిడా ఎప్పుడైనా వస్తుందేమోనని. మార్తా నవ్వుతుందనుకోండి. వచ్చి బ్రిగ్ ఎక్కడని అడిగితే, ఆ పేరుగలవాడు ఉండొద్దూ?"

ఏటా మార్చి తొమ్మిదిన టాబితా కూడా నిలబడేది, పాలగది కిటికీ దగ్గర, ఖాళీ గేటును చూస్తూ. ఇద్దరి మధ్యా మూడువందల గజాలు కూడా లేవు.

ఆమె కలం తీసుకుని షరతును అడ్డంగా కొట్టేసింది. "పొలం నీది. పేరు నీదే ఉంచుకో. లాయరు మళ్లీ రాస్తాడు."

"కోపమొచ్చిందా అమ్మగారూ?"

"లేదు."

అక్కడితో ఊరుకునేదే. కానీ వచ్చే మార్చికి తను ఉండదు. వీడు మాత్రం చలిలో ఏటొడ్డున, రాని మనిషి కోసం, జీవితమంతా నిలబడుతూనే ఉంటాడు. అది తలుచుకుంటే ఆమె వల్ల కాలేదు.

"రూబెన్, ఆవిడ అక్కడికి రాదు."

"మీకెలా తెలుసు?"

"ఆవిడ నిన్ను అక్కడ పెట్టలేదు. మా గేటు పక్కన పెట్టింది. మా నాన్న ఎత్తుకుపోయి ఏటి అవతల వదిలొచ్చాడు. నేను కిటికీలోంచి చూశాను. చూస్తూ ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్లూ ఊరుకున్నాను." ఆయాసం మాటకు అడ్డం పడింది. "ఈ పేరు నీకు రావాలనే అక్కడ పెట్టాను నాయనా. ఆ రోజు నీకివ్వడానికి నా దగ్గర ఇంకేం లేదు."

రూబెన్ లేచాడు. టోపీ తీసుకున్నాడు, దాన్ని తిప్పితిప్పి చూశాడు, ఆమె వైపు మాత్రం చూడలేదు. బయటికి నడిచాడు. వాకిట్లో బూట్ల చప్పుడు దూరమవుతోంది. అయిపోయింది, పేరూ పోయింది, వాడూ పోయాడు అనుకుంది. బల్ల పట్టుకుని, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. వాడు అప్పటికే సగం వాకిలి దాటాడు. ఛాతీలో మిగిలిన గాలంతా కూడగట్టుకుని అరిచింది.

"రూబెన్ బ్రాకెన్‌రాయిడ్!"

కొట్టం దగ్గర జోషువా చేతిలోంచి బకెట్ జారి పడింది. రూబెన్ ఆగిపోయాడు. ఎంతకీ తిరగలేదు. తిరిగేసరికి మొహమంతా తడి.

"ఆఁ!" అన్నాడు. "అరవకమ్మా, అసలే ఆయాసం. ఆ గేటు పక్క చోటు చూసొస్తా. ఈలోపు టీ పెట్టు."