సీలు తెగిన పెట్టె

అయిజలో బోరు మోటార్లు బాగుచేసే యేసయ్య దగ్గర లిమిటెడ్ ఎడిషన్ సినిమా డిస్కుల పెట్టెలు నలభై రెండున్నాయి. ఒక్కదాని సీలూ తెంచలేదు, ఎవర్నీ ముట్టనివ్వడు. ఇవాళ నలభై మూడోది వచ్చింది. వెనక అట్ట చదివి ఎగిరి గంతేశాడు. గద్వాల కోటలో తీసి, సినిమాలోంచి కోసేసిన సీన్లు ఇందులో ఉన్నాయట! ముప్పై ఏళ్ల కిందట ఆ సీన్లలో అతని తల్లి దేవమ్మ ఇంటి బిందెతో నీళ్లు మోసింది.

"అమ్మా, జల్ది రా!" అంటూ బ్లేడుతో సీలు పర్రున చీల్చి డిస్కు వేశాడు.

తెరమీద పడుచు దేవమ్మ నడిచొచ్చి, ఇత్తడి బిందెను మెట్లమీద దించి, హీరోనే చూస్తూ వట్టి చేతులతో వెళ్లిపోయింది. యేసయ్య ఈల వేశాడు.

దేవమ్మ ఎగిరి లేచింది. "గా బిందె నేను అమ్ముకున్ననని ఇయ్యాల్టిదాంక అంటుండు మీ నాయన. పిల్చుకరా పో! మళ్ల ఎయ్యి!"