మూలలోని తెల్ల మచ్చ

జరిగి కూర్చోవచ్చు కదా, బెంచీ ఆ చివరిదాకా ఖాళీగానే ఉంది, అయినా వచ్చి సరిగ్గా నా మోచేతికి తగిలేటట్టు కూర్చుంది, ఒంటినుంచి మేకల వాసన, ఒళ్లో గుడ్డ కప్పిన బుట్ట, విచారణకి వచ్చే మనిషికి బుట్ట ఎందుకు, జడ్జిగారికి మేకపాల జున్ను రుచి చూపించి మంచి చేసుకుందామనా, చేసుకోనీ, నా దగ్గర జున్ను లేదు, సాక్ష్యం ఉంది, ఈ రెండు పెద్ద ఫొటోలు చుట్టచుట్టి తెచ్చాను, రెండింటిలోనూ మూలన ఎర్ర పెన్సిల్‌తో సున్నా గీశాను, కళ్లున్నవాళ్లకి అంతకంటే చెప్పక్కర్లేదు, పదకొండింటికి రమ్మని పదకొండుంపావయినా పిలవరు, కోర్టు వరండా అంతా పద్దెనిమిదో తేదీ పండక్కి కాగితం జెండాలు కట్టే హడావుడి, గుమాస్తా అమ్మాయి కుర్చీ ఎక్కి దారం ముడేస్తోంది, చిలీకి స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది, నా ఆకాశానికి మాత్రం పక్కింటి మేకలదొడ్డి దీపం నుంచి ఇంకా రాలేదు, ఈవిడ నా కూతురికి జ్ఞానస్నానం రోజు జ్ఞానతల్లిగా చేతుల్లో బిడ్డని పట్టుకుని నిలబడ్డ మనిషి, ఆ రోజునుంచి నోల్ఫా ఆల్కింతా నాకు కొమాద్రె, నేను ఆవిడకి కొంపాద్రెని, తోడబుట్టినవాళ్లకంటే దగ్గర అంటారు, ఆ దగ్గరితనం ఇదిగో ఇలా, ఫిర్యాదు చేసినవాడూ చేయించుకున్నావిడా ఒకే బెంచీ మీద మోచేతులు రాసుకుంటూ, మూడు రోజులుగా ఎదేల్మీరా టీ కప్పు నా ముందు పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోతోంది, కట్టుకున్న భార్య కూడా మేకల పక్షమే.

ఏం అడిగాను నేను, కొండ అడిగానా, కోట అడిగానా, చీకటి అడిగాను, అది ఎవరి సొత్తూ కాదు, ఈ ఎల్కీ లోయ చీకటి కోసం ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో విమానాలెక్కి వస్తారు, కొండలమీద పెద్ద పెద్ద అద్దాలు పెట్టుకుని కూర్చుంటారు, ఇక్కడే ఉన్న నేను చూడకూడదా, మా మిద్దెమీద ఒక చిన్న టెలిస్కోపు పెట్టుకున్నాను, ఇనుపసామాను కొట్టువాడికి నీహారికలెందుకని నవ్వారు, నవ్వనీ, తూకం తెలిసినవాడికే ఈ పని చేతనవుతుంది, ఎందుకంటే ఆకాశపు దక్షిణ ధ్రువం పక్కన ఉన్న ఆ ధూళిమేఘానికి సొంత వెలుతురు లేదు, నక్షత్రాలన్నిటి వెలుతురూ కలిసి దానిమీద పడి కాస్త బూడిద ఊదినట్టు ఉంటుందంతే, ఒక ఫొటోలో ఏమీ కనపడదు, పది కలిపినా కనపడదు, రెండు వందలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే అప్పుడు తల కనపడింది, తల నుంచి కుడివైపు మూలకి తోక ఉండాలి, పాత పటంలో ఉంది, దానికోసం జులై ఆఖరునుంచి నలభై మూడు గంటలు, ఒక్కోటి ఐదు నిమిషాల ఫొటోలు ఐదు వందల పదహారు, ఒక్కటీ గాలికి కదలకుండా, వేళ్లు కొంకర్లు పోతుంటే నేను లెక్కపెట్టి తీసినవి, తోక రాలేదు, తోక ఉండాల్సిన చోట ఆ తెల్ల మచ్చ వచ్చింది, మా చుట్టుపక్కల ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఇంకో ఎనిమిదిమంది, అందరిదీ ఒకే మాట, లిసాండ్రో, మీ దక్షిణాన ఏదో దీపం ఉంది, చూసుకో, చూసుకున్నాను, దక్షిణాన ఏముంది, కొమాద్రెగారి మేకలదొడ్డి, గుంజమీద తెల్లదీపం, మొహం ఆకాశంవైపు ఎత్తి మరీ.

ఆ దీపం ఎవరమ్మారంటుంది, అదొక ప్రశ్నట, వచ్చినప్పటినుంచి గుమాస్తా అమ్మాయికి వినపడేటట్టు మూడుసార్లు అంది, నాకు దీపం అమ్మింది ఈయనేనమ్మా, ఊళ్లో ఉన్నది ఒకటే కొట్టు, ఈయన అమ్మాడు, నేను కొన్నాను, ఈయనే కేసు పెట్టాడు, రేపు తాడు అమ్మి, దాంతో నేను ఉరేసుకుంటే దానికీ కేసు పెడతాడు, ఆ పిల్ల కుర్చీ మీద నుంచే పకపకా నవ్వింది, అమ్మాను, కాదన్నానా, కొట్టు పెట్టుకున్నవాడు అడిగింది ఇస్తాడు, పసుపుదీ ఉంది కొమాద్రె, ఈ లోయ చీకటి కాపాడే చట్టం ప్రకారం అదే వెయ్యాలి అని చెప్పాను, చెప్పానా, చెప్పే ఉంటాను, ఆ రోజు కొట్టునిండా జనం, అయినా దీపాన్ని నేలకేసి వంచి కట్టుకోమని కూడా నేనే వచ్చి చెప్పాలా, పోనీ ఆ తరవాతైనా బుద్ధి రావాలి కదా, ఇన్‌స్పెక్టరు వచ్చి విచారణ అయ్యేదాకా దీపం వెయ్యొద్దన్నాడు, అలాగేనని తలూపింది, పదకొండు రాత్రులనుంచి వెయ్యలేదని ప్రమాణం చేస్తోంది, ఈ రెండు ఫొటోలూ ఆ పదకొండు రాత్రుల్లోవే, మచ్చ అలాగే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు, అసలు నా ఒళ్లు మండేది ఇందుకే, దీపానికి కాదు, ఒట్టుకి.

బల్బు విప్పి ఇన్‌స్పెక్టరు చేతిలోనే పెట్టాను కొంపాద్రే అంటుంది, అవునండీ దోన్ లిసాండ్రో, ఇక్కడే బీరువాలో ఉంది, చీటీ కట్టి పెట్టాం అంటుంది కుర్చీమీది పిల్ల, ఉండనీ, లోకంలో ఒకటే బల్బు ఉందా, కింద పట్నంలో ఇంకోటి కొని ఉంటుంది అన్నాను, నా దగ్గరైతే కొనలేదు, నాకు తెలుసు, ఎప్పుడు వెళ్లాను పట్నానికి అంది నోల్ఫా, ఈ బుట్టలో ఏముందో చూస్తారా అని గుడ్డ ఎత్తింది, జున్ను కాదు, పిల్లమేక, రెండు రోజులది ఉంటుందేమో, వెనకకాలికి గుడ్డపీలిక కట్టు, నక్క పట్టుకుంటే తల్లి కుమ్మి విడిపించిందట, ఇదొక్కటీ మిగిలింది, చీకట్లో నాలుగు పిల్లల్ని ఎత్తుకుపోయింది, దీపం ఉన్నన్నాళ్లు దొడ్డి దరిదాపులకి రాలేదు, ఈనే రోజులు కదా, మేకలు మీ విచారణ తేదీ చూసుకుని ఈనవు కొంపాద్రే, పాలు పట్టేవాళ్లు లేక దీన్ని వెంట తెచ్చుకున్నాను, ఇలాంటివి చూసి జడ్జిగారు కరిగిపోతారని తెచ్చిందని నాకు తెలియదా, ఆ పిల్ల అప్పుడే కుర్చీ దిగి వచ్చి దాని నుదురు నిమురుతోంది, అయిపోయింది, నా కేసు గంగలో కలిసింది, నేను కూడా విప్పాను, ఈ రెండు ఫొటోలు బెంచీమీద పరిచాను, చూడు కొమాద్రె, ప్రమాణాలు తరవాత, ముందు ఇవి చూడు.

ఇవేనా నా పాపాలు, అని వంగి చూసింది, మా పెళ్లి తరవాత నా ఫొటో ఎవరూ తియ్యలేదు, మీరైనా తీశారు, ఏదీ, ఇందులో ఒక్క మేకా లేదే, అంటే ఆ పిల్ల మళ్లీ నవ్వు, నేను నవ్వలేదు, ఇది రాత్రి ఎనిమిదినుంచి పదిదాకా తీసినవి కలిపింది, ఇది తెల్లవారుజామున నాలుగునుంచి ఆరుదాకా తీసినవి, రెండింటిలోనూ ఇదిగో, ఈ నారింజరంగు నక్షత్రం పక్కన, ఇదే మూల, ఇదే మచ్చ, అంటే రాత్రి మొదలునుంచి చివరిదాకా నీ దీపం ఆరలేదన్నమాట, ఇంతకంటే రుజువేం కావాలి, అన్నాను, గొంతు కాస్త పెంచే అన్నాను, ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో కింద ఎటు కొంపాద్రే, అంది, కింద అంటే ఏమిటన్నాను, నేల, మా దొడ్డి ఎటుందని, చూశావా, ఇదీ వీళ్లకి తెలిసింది, ముప్పై ఏళ్లుగా ఆ ఆకాశం కిందే మేకలు తోలుకుంటూ కింద ఎటని అడుగుతుంది, చెప్పాను, రాత్రి మొదట్లో ఈ అంచు నేలకేసి ఉంటుంది, ఆకాశం ధ్రువం చుట్టూ గిర్రున తిరుగుతుంది కదా, నా కెమెరా కూడా దాంతోపాటే తిరుగుతుంది, తెల్లవారేసరికి ఇదంతా దాదాపు తలకిందులైపోయి ఆ అంచు నేలకేసి వస్తుంది, ఇలా, అని కాగితం తిప్పి చూపించాను, అయితే, అని ఆవిడ నా ఎర్ర సున్నామీద వేలు పెట్టింది, నా దీపం రాత్రి మొదట్లో కిందా, తెల్లారేసరికి పైనా వెలిగిందా, దొడ్డి ఏమన్నా చుక్కలతోపాటు ఆకాశంలోకి ఎక్కిందా కొంపాద్రే.

ఎక్కదు, దొడ్డి ఎక్కదు, గుంజ నేలలో పాతి ఉంది, నక్షత్రం తిరుగుతుంది, నేలమీది దీపం వెలుతురైతే రాత్రి మొదట్లో ఉన్న ఈ మూలనుంచి తెల్లవారేసరికి ఆ ఎదటి మూలకి పోవాలి, పోలేదు, నక్షత్రం ఎటు తిరిగితే మచ్చా దాని కొంగు పట్టుకుని అటే తిరిగింది, నేలదైతే అలా తిరగదు, తిరిగిందంటే నేలది కాదు, ఆగు, ఇంకోసారి చూడు, మొదటిదాంట్లో నక్షత్రానికి కుడిపక్క, రెండోదాంట్లో నక్షత్రానికి కుడిపక్క, అంచు ఇంతకాలం మొద్దుగా కనపడింది, ఇప్పుడు చూస్తే చిరిగిన దూదిలా పాయలు పాయలుగా ఉంది, దీపం వెలుతురుకి పాయలుంటాయా, తల ఉన్న వైపునుంచే వస్తోంది, తోక, ఇది నా తోక, మరి ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదు, ఎందుకు కనపడుతుంది, ఫొటోలన్నీ కలిపాక కంప్యూటరు అడుగుతుంది, ఏది ఖాళీ ఆకాశమో అక్కడ గుర్తుగా చుక్కలు పెట్టు, అక్కడి దొంగ వెలుతురు లెక్కకట్టి తీసేస్తానంటుంది, నేను ప్రతిసారీ ఆ మూలన చుక్కలు పెట్టాను, ఒకటి కాదు, తొమ్మిదో పదో, ఇది నోల్ఫా దీపం, తీసెయ్ అన్నాను, అది తీసేసింది, ఆ తరవాత తోక లేదని ఒళ్లు మండించుకున్నాను, మళ్లీ మిద్దె ఎక్కి మళ్లీ ఐదేసి నిమిషాలు, మళ్లీ తీసెయ్, నలభై మూడు గంటలు ఒక చేత్తో పోగుచేసి ఇంకో చేత్తో ఊడ్చేశాను, ఈ రెండే ఊడ్చకుండా అచ్చు వేయించాను, అదీ ఎందుకు, ఈవిడ మీద నేరం రుజువు చెయ్యడానికి, ఎనిమిదిమందిలో ఒక్కడికీ తట్టలేదు, చదువుకున్నవాళ్లకి తట్టలేదు, మేకలావిడ కింద ఎటని అడిగింది.

పిలుస్తున్నారు, లోపలికి రండి, ఇద్దరూ రండి, గుమాస్తా అమ్మాయి బుట్టకూడా తేవచ్చంటోంది, ఆగు లిసాండ్రో, కొట్టువాడివి, బేరం చూసుకో, ఆవిడ అడిగి ఊరుకుంది, ఆవిడకి జవాబు తెలియదు, నీ మొహం చూసి ఏదో అనుకుంటోంది కానీ తెలియదు, జడ్జికి అసలు తెలియదు, దీపం తెల్లది, మొహం పైకి ఎత్తి ఉంది, ఈ ఫొటోలు లేకపోయినా చట్టం నీవైపే, గెలుస్తావు, గెలిచి ఇంటికి పో, కానీ ఆ తరవాత ఈ తోకని ఎవరికి చూపిస్తావు, ఇవే ఫొటోలు, ఇదే మూల, ఇవాళ దీపమని ఇక్కడ సంతకం పెట్టి రేపు మేఘమని ఆ ఎనిమిదిమందికి చూపించగలనా, ఒకే సరుకుని రెండు పేర్లతో అమ్మే రకం వ్యాపారం నేను చెయ్యలేదు, ఇప్పుడు చెయ్యను, చూశావా, ఇక్కడ కూడా నా సరుకు, నా పేరే ముందు గుర్తొచ్చింది, జడ్జిగారు కళ్లజోడు పైకి తోసి, దోన్ లిసాండ్రో, ఈ మచ్చే కదా దీపం వెలుతురు, అని అడుగుతున్నారు, కాదండీ, అది దీపం కాదు, ఆవిడ దీపం వెయ్యలేదు, వెయ్యలేదని చెప్పింది, నేను నమ్మలేదు, మరి ఏమిటది అంటున్నారు, ఏమిటో చెప్పాలని ఎంత ఉబలాటపడ్డాను ఇన్నాళ్లూ, ఇప్పుడు నా చూపు బుట్టమీదే ఉంది, కొమాద్రె నావైపు చూడటం లేదు, సీసా పట్టుకుని బుట్టలోదానికి పాలు పడుతోంది, అది కట్టు కట్టిన కాలు చాపి గుటకలేస్తోంది, మేఘానికేం, నేను తీసేసినంత మాత్రాన అది పోలేదు, ఈ రాత్రి ఆ మూలన గుర్తుచుక్కలు పెట్టకుండా కలిపితే ఉన్నచోటే ఉంటుంది, ఎన్నిసార్లు ఊడ్చేసినా మళ్లీ కలుపుకోవచ్చు, పదకొండు చీకటి రాత్రులు నేను ఫిర్యాదు పెట్టి తెప్పించినవి, వాటిలో పోయిన పిల్లమేకలు నాలుగు, ఎన్ని గంటలు పేర్చినా తిరిగి కలపలేనివి ఆ నాలుగే.