ముద్దాయి స్టూలు

నా షాపులో ఒక నియమం ఉంది. హెడ్‌లైట్ బల్బు మార్చమని ఎవరొచ్చినా సరే, మార్చాక వాళ్ల బండికి ఎదురుగా వేసిన స్టూలు మీద ఒక్క నిమిషం కూర్చోవాలి. షట్టర్ దించేస్తాను. షెడ్డు చీకటవుతుంది. లైట్లు వేస్తాను. బండి పక్కన బల్ల మీద ఒక ఆయిల్ డబ్బా ఉంటుంది. లైట్లు మొహం మీద పడుతుండగా ఆ డబ్బా మీది అక్షరాలు చదవగలిగితే బల్బు ఉంచుతాను, చదవలేకపోతే పీకేస్తాను.

పగల్లా వెలగాలి, తెల్లగా ఉండాలి అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. రోడ్డు తమ ఒక్కరి కోసమే వేసినట్టు మాట్లాడతారు. అలాంటివాళ్లు స్టూలు మీద పది సెకన్లు కూడా కూర్చోలేరు. రోజూ ఎదుటివాడికి మీరు చేస్తున్నది ఇదేనని చెప్పి లైటు ఆర్పుతాను. కొందరు సిగ్గుపడతారు, కొందరు వేరే షాపు వెతుక్కుంటారు. నా భార్య దానికి ముద్దాయి స్టూలని పేరు పెట్టింది. దాని మీద వాళ్ల నాన్ననే కూర్చోబెట్టాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మామగారు ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. బస్సు మీద ఒక్క గీత కూడా పడనివ్వలేదని ఇప్పటికీ చెబుతారు. వినేవాళ్లు దొరక్కపోతే గోడకైనా చెబుతారు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన డ్యూటీ ఒక్కటే. అత్తగారు ఒక క్లినిక్‌లో నర్సు. సాయంత్రం ఏడింటికి ఆవిడ పని ముగించుకుని బయటికొచ్చేసరికి ఆయన కారు గేటు ముందు ఉండాలి. ఆ పని కోసమే ఆయన గడ్డం గీసుకుంటారని, మధ్యాహ్నం నుంచే గడియారం చూస్తుంటారని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకరోజు ఆయన షాపుకొచ్చారు. ఊళ్లో ప్రతివాడూ కళ్లు పేలిపోయే బల్బులు పెట్టుకుని మీదికొస్తున్నాడట. వాటికి రెండింతలు వెలిగేవి తనకు కావాలట. అల్లుణ్ణి కదా, లేని ఓపిక తెచ్చిపెట్టుకుని చెప్పాను. ఆ కారు లైటు లోపలి గిన్నె మామూలు బల్బు కోసం చేసింది. అందులో ఎల్ఈడీ దూరిస్తే వెలుగు రోడ్డు మీద పడేది తక్కువ, ఎదుటివాడి కళ్లలో పడేది ఎక్కువ. ఇప్పుడున్న రకానివే కొత్తవి జతగా వేసి, పసుపెక్కిన పై అద్దాలు రుద్ది, వెలుగు కాస్త కిందికి దించితే సరిపోతుందన్నాను. ఆయన అంతా విన్నారు.

"మీరు బల్బులు చూశారు అల్లుడుగారూ, నేను రోడ్లు చూశాను" అని లేచి వెళ్లిపోయారు. వెళ్లి ఇంకో షాపులో పెట్టించుకున్నారు.

ఆ మర్నాటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆయన కారు వీధిలోకి తిరగ్గానే ఎదురింటివాళ్లు కర్టెన్లు లాగేసుకునేవారు. క్లినిక్ వాచ్‌మన్ ఏడు కావస్తోందంటే నల్లకళ్లద్దాలు తగిలించుకునేవాడు. జలుబుకు మందు తీసుకుని బయటికొచ్చిన ఒకాయన, కళ్లు నులుముకుంటూ మళ్లీ లోపలికెళ్లాడని అత్తగారే చెప్పారు. ఫిర్యాదులన్నీ నా నెత్తికే చుట్టుకున్నాయి. ఇంట్లో హెడ్‌లైట్ల మెకానిక్కును పెట్టుకుని ఇదేం పనని నా మొహం మీదే అడిగారు.

ఇంత చేసినా ఆయనకు వెలుగు చాలలేదు. ఓ సాయంత్రం తిన్నగా వెళ్లి క్లినిక్ ప్రహరీని గుద్దారు. బంపర్ సొట్టపోయింది. తప్పంతా ఎదురొచ్చిన స్కూటరు లైటుదీ, మిగిలింది గోడదీ అన్నారు. అత్తగారు గొంతు పెంచకుండానే తేల్చేశారు. అల్లుడి దగ్గర లైట్లు సరిచేయించుకునేదాకా ఆ కారెక్కనని, ఎవరో నడిపే బస్సులో ఇంటికొస్తానని. ఆయనకు అంతకన్నా శిక్ష లేదు. ఆవిడకు సెలవున్న ఆదివారం పొద్దున్నే కారు నా షెడ్డులో ఉంది, మామగారు స్టూలు మీదున్నారు. అత్తగారు, నా భార్య పక్కన నిలబడ్డారు.

ముందు ఆయన పెట్టించుకున్న బల్బులే వెలిగించాను. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తప్పేనని ఒప్పుకున్నారు, ఎదుటివాళ్లే మొదలుపెట్టారని ఒక ముక్క తగిలించి మరీ. నేను లోలోపల సంబరపడ్డాను. మామగారి మీద గెలుపు అల్లుళ్లకు రోజూ దొరికేది కాదు.

తర్వాత గంటసేపు పని చేశాను. మామూలు బల్బులు వేలు తగలకుండా గుడ్డతో పట్టుకుని బిగించాను. పై అద్దాలు రుద్దాను. గోడ మీది సుద్దగీత దాటి వెలుగు పైకి పోకుండా స్క్రూలు తిప్పాను. ఈసారి ముందు అత్తగారు కూర్చున్నారు. డబ్బా తయారైన తేదీతో సహా చదివేశారు. నా భార్యా చదివింది. చివరికి మామగారు కూర్చున్నారు, నేను లైటు వేశాను.

ఆయన చటుక్కున మొహం తిప్పేసుకున్నారు.

"అవే బల్బులు ఉంచేశారేంటి అల్లుడుగారూ? నాతో ఆటలాడుతున్నారా?"

తీసిన బల్బులు ఆయన చేతిలో పెట్టాను. తడిమి చూసుకున్నారు. మళ్లీ లైటు వైపు చూసి, మళ్లీ కళ్లు మూసుకున్నారు. డబ్బా మీద ఏం రాసుందని అడిగితే, ఏ డబ్బా అన్నారు.

నా సంబరం అక్కడితో సరి. సంగతి నాకన్నా ముందు అత్తగారికి అర్థమైంది. నా టార్చి తీసుకుని, ఆయన గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి కళ్లలోకి చూశారు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల మామూలు లైట్లే ఆయన కంట్లో చెదిరి సూదుల్లా గుచ్చుకున్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగారు ఆవిడ.

"రెండేళ్లు."

"నర్సు పెళ్లాన్ని ఇంట్లో పెట్టుకుని ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే తాళాలు తీసేసుకుంటావు. నిన్ను తీసుకురావడం తప్ప నాకింకేం పనుంది?"

ఆయన్ని ఆ స్టూలు మీద కూర్చోబెట్టి సంబరపడినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మామగారు చేతిలోని బల్బులు బల్ల మీద పెట్టారు. రెండేళ్లుగా ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ నోటికొచ్చినట్టు తిట్టానని, పాపం వాళ్లంతా లైటు దించుకునే వచ్చి ఉంటారని అన్నారు. తర్వాత తాళాలు తీసి అత్తగారి సంచిలో తనే వేశారు. ఆపరేషన్ అయ్యేదాకా అడిగినా ఇవ్వొద్దన్నారు.

మర్నాడు సాయంత్రం, ఇక ఆవిడను నేనే దింపాలి కదా అని షాపు మూసి క్లినిక్‌కి వెళ్లాను. గేటు దగ్గర మామగారు నిలబడి ఉన్నారు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటి నుంచి నడిచి వచ్చారు. ఈ డ్యూటీ తనదేనని, నన్ను వెళ్లి షాపు చూసుకోమని చెప్పారు. నేను వెళ్లలేదు, కాస్త వెనకే నడిచాను.

ఫుట్‌పాత్ మీద ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నారు, ఆయన రోడ్డు వైపు. ఎదురుగా బండి వచ్చినప్పుడల్లా తన కళ్లు చికిలించుకుంటూనే, చెయ్యెత్తి ఆవిడ కళ్లకు అడ్డం పెడుతున్నారు. ఆవిడ కళ్లకు ఏ జబ్బూ లేదు. ఆ మాట ఆవిడ ఆయనతో అనలేదు. చెయ్యి అడ్డం ఉన్నంతసేపూ, ముందు దారి కనబడేలా తల కాస్త వంచి నడిచారు.