బట్టమేక కోసం పెంచిన గడ్డి

నేను ఒక మౌస్‌ని. తెలుగులో ఏమంటారని మాత్రం అడక్కండి. అడిగినవాళ్లే "ఎలుక" అని జవాబు చెప్పుకుని, వాళ్లే పడీపడీ నవ్వుకుంటారు. నాకు కాళ్లు లేవు, మీసాలు లేవు. తోక ఉంది గానీ అదీ కంప్యూటర్‌కి కట్టేసిన తోకే. బతికినన్నాళ్లూ జంతువు పేరు మోశాను, ఏ జంతువూ నన్ను తన చుట్టమని ఒప్పుకోలేదు. ఇప్పుడు సొరుగులో పాడైపోయిన చార్జర్ల మధ్య పడి ఉన్నాను. పనీపాటా లేదు. కడుపులో ఉన్న మంటంతా చెప్పేస్తాను, కాస్త వినిపోండి.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకునేదేం లేదు. ఎక్కడో సముద్రాల అవతల ఒకే అచ్చులోంచి కుప్పలుతెప్పలుగా ఊడిపడ్డ వాటిలో నేనొకదాన్ని. మొదటి కొలువు కర్నూలు బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో. పరీక్షల ఫలితాలొచ్చే రోజు పిల్లల అరచేతుల్లో చెమటకి నేను జారిపోయేదాన్ని. పాసయినవాడు నన్ను వదిలేసి గంతులేసేవాడు. ఫెయిలయినవాడు నన్ను బల్లకేసి కొట్టేవాడు. వాడు చదవకపోతే మధ్యలో నేనేం చేశాను? అడుగుదామంటే నోరు లేదాయె. ఆ సెంటర్ మూతపడ్డాక పాత కంప్యూటర్‌తో పాటు నన్నూ మూటగట్టి లింగేశ్వరి వాళ్లింటికి చేర్చారు.

లింగేశ్వరి డిగ్రీ చదివి, ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి పేర్లూ చిరునామాలూ ఎక్కించే పని చేస్తుంది. విసుగు పుట్టినప్పుడల్లా ఒక ఆట తెరిచేది. జూ కట్టే ఆట. కంచె వెయ్యాలి, చెట్లు నాటాలి, గుంటలు తవ్వాలి, జంతువుల్ని తెచ్చి వదలాలి. బొమ్మ జనం టికెట్టు కొనుక్కుని వచ్చి చూసిపోతారు. తవ్వడం, నాటడం, కంచె లాగడం అన్నీ నా చేతే చేయించేది. మంచి పేరు మాత్రం ఆ పిల్లకి.

అంతా బాగానే ఉండేది, వాళ్లవ్వ ఉరుకుందమ్మ వచ్చి వెనక ముక్కాలిపీట వేసుకునేదాకా. నందికొట్కూరు దిక్కు గడ్డిబీళ్లలో పుట్టి, అక్కడే గొర్రెల్నీ మేకల్నీ మేపిన మనిషి. మోకాళ్లు మొరాయిస్తే మంద అమ్మేసి కొడుకింటికి వచ్చింది. పొద్దుపోక మొదట్లో ఊరికే చూసేది. తర్వాత నోరు ఆగలేదు.

"ఏందిమే, ఏనుగును అంత ఇరుకులో పెడ్తివి? అది తిరగొద్దా?"

"బొమ్మ ఏనుగులే అవ్వా."

"బొమ్మయితే మాత్రం? చూసేదానికి నాకే ఊపిరాడటం లేదు. ఇట్లియ్యి."

అలా నేను అవ్వ చేతిలో పడ్డాను. కర్ర పట్టిన చెయ్యి కదా, నలిపేస్తుందేమోనని భయపడ్డాను. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుంది. నెట్ సెంటర్లో అన్నేళ్లున్నా నన్నలా పట్టుకున్న మనిషి లేడు. ఆ రోజునుంచీ నేను అవ్వ మనిషినే.

ఏనుగులయ్యాయి, జిరాఫీలయ్యాయి, ముక్కూమొహం తెలియని దేశాల కోతులూ అయ్యాయి. ఒకనాడు అవ్వ జంతువుల జాబితా మొదటినుంచి చివరిదాకా నా చేత తిప్పించి తిప్పించి, "అన్నీ ఉండాయి గానీ మన బట్టమేక యాడ?" అంది.

"జూలో మేకల్ని ఎవరు పెడతారవ్వా?"

"మేక కాదే ఎర్రిమొగమా! పిట్ట!"

"పిట్టకి మేకని ఎందుకు పెట్టారు పేరు?"

"పెట్టినోళ్లను పోయి అడుగు, నన్నెందుకు అడుగుతావు?"

అప్పుడు చెప్పింది అవ్వ. చిన్నపిల్లాడంత ఎత్తు పిట్టట. తెల్లని మెడ, నెత్తిన నల్లటి టోపీ. వానలు పడి గడ్డి లేచినప్పుడు మగది గొంతు సంచిని కిందికి వేలాడేసి, తోకని వీపు మీదికి ఎత్తి, పెండ్లికొడుకు మాదిరి నడిచేదట. ఆ గొంతు బీడు ఆ కొసనుంచి ఈ కొసదాకా వినబడేదట. "అది నడస్తాంటే మా గొర్రెలు గూడా మేత ఇడిచి చూసేటివి" అంది. లింగేశ్వరి నమ్మినట్టే తల ఊపింది. నమ్మలేదని నాకు తెలుసు, అప్పుడు నా మీదున్న ఆ పిల్ల వేలు విసుగ్గా తడుతూనే ఉంది కదా. ఫోన్లో వెతికి ఫోటో చూపించాక తనే నోరెళ్లబెట్టింది.

అవ్వ ఫోటో వైపు చాలాసేపు చూసింది. "అదే. కానీ ఇది నిలబడి ఉండాది. నాకు నడిచేది కావాల. నువ్వు చూడాల."

"అవి ఇప్పుడు మన బీళ్లకి రావడం లేదంట అవ్వా."

"నాకు తెలీదా? ఆడ లేదు గాబట్టే గదా ఈడ అడుగుతాండా!"

ఆ ఆటలో ఒక కోరికల పెట్టె ఉంది. ఏ జంతువు కావాలో ఎవరైనా, ఏ భాషలోనైనా రాయొచ్చు. కంప్యూటరే తర్జుమా చేసుకుంటుంది. లోకంలోని ఆటగాళ్లు చదివి, నచ్చిన దానికి ఓటు వేస్తారు. లింగేశ్వరి దాని ఇంగ్లీషు పేరు రాస్తానంది. అవ్వ ఒప్పుకుంటేనా! "మన పిట్టను పరాయి పేరుతో పిలిస్తే పలుకుతాదా? బట్టమేక అనే రాయి" అని పట్టుబట్టింది. తోక ఎత్తి, గొంతు ఉబ్బించి నడవాలన్న మాటతో సహా అవ్వ చెప్పింది చెప్పినట్టు ఆ పిల్ల టైపు చేసింది. 'పంపు' అన్న చోట నొక్కింది అవ్వ, నన్ను పట్టుకుని. నా జన్మకి అంతకన్నా మంచి పని చేయలేదనుకున్నాను.

ఇక అవ్వ ఆగలేదు. జూలో ఒక మూల బీడు చేయించింది. "చెట్లొద్దు, అది కనుచూపు మేర చూసుకోవాల. గుంట వద్దు. అక్కడక్కడా ముండ్లపొదలు చాలు." పసుపుపచ్చ గడ్డి, నడుమెత్తు. జంతువు రాకముందే ఇల్లెందుకని మనవరాలు అడిగితే, "చుట్టం వచ్చినాక చాప యెతుకుతారా?" అని కసిరింది.

ఆ ఆట చేసే కంపెనీ వాడు కొత్త జంతువుల్ని వదిలాడు. పెంగ్విన్లు! తర్వాత ఇంకొకసారి ఎలుగుబంటి. ముందే మూడు రకాల ఎలుగుబంట్లు ఉన్నాయి మహానుభావా, నాలుగోది ఎందుకయ్యా? ఆ తర్వాత జంతువే లేదు, జనానికి టోపీలట, ఐస్‌క్రీం బండ్లట. నాకు ఒళ్లు మండిపోయేది. అవ్వకి మాత్రం ఆశ చావలేదు. ఎందుకంటే మా కోరిక కింద ఓట్లు పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉన్నాయి. "చూసినావా లింగీ, మన పిట్టను లోకమంతా అడుగుతాండాది!" అని పక్కింటి లాలూబీని పిలిచి మరీ చూపించింది. ఎవరు ఓటేశారో, ఎందుకేశారో చూడాలన్న బుద్ధి మాకెవరికీ పుట్టలేదు.

ఒకనాడు తెర మీద గంట మోగింది. 'మీరు అడిగారు, మేం విన్నాం' అని రాసి ఉంది. అవ్వ తల దువ్వుకుని, కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని కూర్చుంది. లాలూబీ కూడా వచ్చింది. నన్ను నొక్కారు. తెర మీద ఒక బొమ్మ చెక్కపెట్టె తెరుచుకుంది.

మేక.

ఎర్రచారల కోటు తొడుక్కున్న మేక! ముందువైపు బొత్తాలు కూడా ఉన్నాయి. తోక వీపు మీదికి ఎత్తి, గొంతు ఉబ్బించి టకటకా నడుస్తోంది.

లింగేశ్వరి గబగబా పోయి మా కోరికకి జరిగిన తర్జుమా తెరిచింది. 'బట్టలు వేసుకున్న మా మేక కావాలి, తోకెత్తి నడవాలి' అని ఉంది. దాని కిందే, లోకంలోని పిల్లలంతా నవ్వుతూ వేసిన ఓట్లు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత ఉంది కదా. ఎలుకొచ్చినా మా జాతేనని సంతోషించేదాన్ని. వచ్చింది మేక!

"నేను మేపని మేకనా మే ఇది?" అంది అవ్వ. "చలికి నేను గొంగడి కప్పుకున్నా గానీ, ఏ మేకకూ కోటు తొడగలా." లాలూబీ నవ్వింది. అవ్వ భుజాలు కదులుతుంటే తనూ నవ్వుతోందనుకున్నాం. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాకు ఆ కంపెనీ వాడి గొంతు పిసకాలనిపించింది, చేతులుంటే.

లింగేశ్వరి ఈసారి ఇంగ్లీషు పేరుతో రాయబోయింది. కోరికల పెట్టె మూసేసి ఉంది. ఈ ఆటకి ఇదే ఆఖరి జంతువట, ఇక మీదట వాళ్లు కార్ల ఆట చేసుకుంటారట. మా కోరిక పక్కన మాత్రం 'తీరింది' అని పచ్చటి గుర్తు. దాన్ని చూసినప్పుడల్లా నా తీగ తెంచుకుపోవాలనిపించేది.

ఖాళీ బీడు చూడలేక, అవ్వ పక్కకి పోయినప్పుడు లింగేశ్వరి ఆ మేకని అందులో వదిలింది. అప్పటికే నా ఎడమ బొత్తాం చెడింది, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. ఒక మేక అనుకుంటే రెండు మేకలు దిగాయి. దిగడంతోనే గడ్డి మీద పడ్డాయి. అవ్వ తిరిగొచ్చి చూసి, "హేయ్! అది దాని గడ్డి! నడువు బయటికి!" అని తెర మీదికి చెయ్యెత్తింది. బీళ్లలో అరిచినట్టే "ట్ర్ర్ర్ర్" అని అరుస్తూ, నన్ను పట్టుకుని రెండింటినీ కంచె దాటించింది. మేసిన చోటల్లా మళ్లీ గడ్డి నాటింది.

అయిపోయాక చూస్తే కంచె దగ్గర బొమ్మ జనం గుంపుగా నిలబడ్డారు. 'ఇక్కడ జంతువేదీ కనబడటం లేదు' అని వాళ్ల నెత్తిన మాటలు తేలుతున్నాయి. కొందరు మొహాలు ఎర్రగా చేసుకుని వెళ్లిపోతున్నారు.

"జనం తిట్టుకుంటున్నారు అవ్వా. పోనీ ఏనుగునన్నా పెడదామా?"

"వద్దు. నిలబడి చూడనీ. మేం గూడా ఏండ్లుగా అట్లే చూస్తాండాం."

లింగేశ్వరి ఏనుగు మాట వదిలేసింది. బీడు ముందర బట్టమేక అని బోర్డు పెట్టింది, తెలుగులోనే.

నా బొత్తాం ఇక బాగుపడదని నన్ను ఈ సొరుగులో వేశారు. కొత్తగా వచ్చిన మౌస్‌కి తోక కూడా లేదు. అదేం పుట్టుకో! సొరుగు సరిగ్గా మూసుకోదు గనక మాటలన్నీ వినిపిస్తుంటాయి. పొద్దున్నే కంప్యూటర్ మోగగానే అవ్వ అడుగుతుంది.

"లింగీ, వచ్చినాదా?"

"లేదవ్వా."

నాకు కోపం నషాళానికి అంటుతుంది. రాదని ఆ పిల్లకి తెలుసు, నాకు తెలుసు, అవ్వకి అందరికన్నా ముందే తెలుసు. అయినా అవ్వ రెండో ప్రశ్న అడుగుతుంది.

"గడ్డి ఉండాదా?"

"ఉందవ్వా, నడుమెత్తు."

"సరే, ఉండనీ."